మరొక్క ఆట

‘ఎర్రగడ్డ’ అనే మాట తెలుగునాట ఒక్కొక్క చోట ఒక్కొక్క అర్థాన్నిస్తుంది. రాయలసీమ వంటింట్లో ఎర్రగడ్డ అంటే ఉల్లిగడ్డ. హైదరాబాదు నగరంలో అది అమీర్‌పేట, సంజీవరెడ్డినగర్ దాటి కూకట్‌పల్లికి వెళ్ళే దారిలో, రైతుబజారుతోను ఆదివారపు సంతతోను కిటకిటలాడే ఒక పేట. ఇవి గాక లోకవ్యవహారంలో మూడవ అర్థం ఒకటి స్థిరపడిపోయింది. ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఆ పేటలోనే ఉన్నందువల్ల, ఎవరి నడవడి అయినా కాస్త వింతగా తోచినప్పుడు ‘వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి’ అనడం జనానికి పరిపాటి అయింది. వాసాలమర్రి కథల్లోని అమాయకుని మీద విసిరినంత తేలికగా ఈ మాటను ఇప్పుడు ఇంట్లోని పిల్లవాని మీద విసురుతున్నారు. సెల్‌ఫోన్ తెరను వేలితో తాకుతూ తాకుతూ, ఉన్నట్టుండి ‘ఛ!’ అని విసుక్కొని, మరుక్షణమే మళ్ళీ తాకడం మొదలుపెట్టిన పదహారేళ్ళ కుర్రవాడు ఆ మాటకు తరచుగా గురి అవుతున్నాడు.

అమీర్‌పేట మెట్రో స్టేషన్ నుంచి ఎర్రగడ్డ స్టేషన్‌కు నడుమ ఉన్నవి రెండే స్టేషన్లు. 2017 నవంబరు చివరలో రైలు నడవడం మొదలైన నాటి నుంచి ఈ దూరం కొద్ది నిమిషాల ప్రయాణంగా మారింది. శిక్షణ కేంద్రాలకు, కళాశాలలకు వెళ్ళివచ్చే విద్యార్థులతో ఆ పెట్టెలు నిండి ఉంటాయి. ఆ కొద్ది నిమిషాల్లో ఒక విద్యార్థి ఇరవై సార్లు ఓడిపోగలడు. ఇందులో అతిశయోక్తి లేదు. కొన్ని ఆటలలో ఒక ఓటమికి పట్టే కాలం పది సెకన్లకు మించదు. ఆడుతున్నవాని ముఖాన్ని పరికించి చూస్తే అక్కడ ఆనందపు జాడ కనిపించదు. కనుబొమలు ముడివడి ఉంటాయి, పెదవులు బిగిసి ఉంటాయి. ఓడినవాడు నవ్వడు. గెలిచినవాడు కూడా ఎక్కువసేపు నవ్వడు. పెద్దలు దీనిని సోమరితనమంటారు, స్నేహితులు పిచ్చి అంటారు. ఈ రెండు మాటలూ సరికావు. ఆ కుర్రవాడు ఆ క్షణంలో ఎంతమాత్రమూ సోమరి కాడు. ఓడిన ప్రతిసారీ తిరిగి లేస్తున్నాడు. లోపం ఎక్కడ జరిగిందో గమనించుకొంటున్నాడు. అదే పనిని ఇంకొంచెం మెరుగుగా చేయడానికి ప్రయత్నిస్తున్నాడు. ఈ గుణానికి తెలుగులో పట్టుదల అని పేరు. ఆ పట్టుదలను ఆట ఎట్లా వశపరచుకొంటున్నదన్నదే ఇక్కడ విచారింపదగిన విషయం.

ఈ జాతి ఆటలకు మచ్చుతునకగా ‘ఫ్లాపీ బర్డ్’ను చెప్పుకోవచ్చు. వియత్నాం దేశంలోని హనోయి వాసి డాంగ్ గుయెన్ అనే యువకుడు దీనిని ఒంటరిగా, కొద్ది రోజుల్లోనే తయారుచేసి 2013 మే నెలలో విడుదల చేశాడు. తెర మీద ఒక చిన్న పక్షి ఎగురుతూ ఉంటుంది. దాని దారికి అడ్డంగా పైనుంచి ఒకటి, కిందినుంచి ఒకటి చొప్పున ఆకుపచ్చని గొట్టాలు వస్తూ ఉంటాయి. రెండింటి నడుమనున్న సందులోనుంచి పక్షిని దాటించాలి. తెరను ఒకసారి తాకితే పక్షి కొంచెం పైకి లేస్తుంది. తాకకపోతే కిందికి జారుతుంది. ఒక జంట గొట్టాలను దాటితే ఒక అంకె పెరుగుతుంది. గొట్టానికి తగిలినా నేలకు తగిలినా ఆట ముగుస్తుంది. ఇంతకు మించి అందులో నియమమంటూ లేదు. మూడేళ్ళ పసివాడికి కూడా అర నిమిషంలో బోధపడే ఈ ఆటలో పది గొట్టాలు దాటడం పెద్దవారికే గగనమయ్యేది. పది దాటినవానికి కంచు పతకం, ఇరవై దాటినవానికి వెండి పతకం, ముప్పై దాటినవానికి బంగారు పతకం తెర మీద కనిపించేవి.

విడుదలైన తరువాత కొన్ని నెలలపాటు ఆ ఆటను ఎవరూ పట్టించుకోలేదు. 2014 జనవరి నాటికి మాత్రం అనేక దేశాలలో అందరికన్నా ఎక్కువమంది తమ ఫోన్లలోకి దింపుకొన్న ఉచిత ఆట అదే అయింది. అందులోని ప్రకటనల ద్వారా రోజుకు 50,000 డాలర్ల వరకు వస్తున్నదని నిర్మాత స్వయంగా పత్రికలకు చెప్పాడు. అంత రాబడి వస్తుండగానే, 2014 ఫిబ్రవరిలో, ఆయన ఆ ఆటను విపణి నుంచి ఉపసంహరించుకొన్నాడు. తీరికవేళ కొద్ది నిమిషాలు ఆడుకోవడానికి తయారుచేసినది జనాన్ని వ్యసనంలోకి దింపిందనీ, అది తనకు సమస్యగా తోచిందనీ ఆయన చెప్పిన కారణం. లోకం దానిని వెంటనే నమ్మలేదు. ఆ ఆట ఉన్న పాత ఫోన్లను వేల డాలర్ల ధర కట్టి వేలానికి పెట్టినవారు కూడా బయలుదేరారు. ఏది ఏమైనా, తన సరుకు కొనేవారిని పట్టి పీడిస్తున్నదని గుర్తించి కొట్టు మూసిన వర్తకులు లోకంలో అరుదు. అదే సంవత్సరం ఆగస్టులో ఆయన విడుదల చేసిన మరో ఆట మొదటిదానికన్నా కఠినంగా ఉండటం వేరే సంగతి.

ఇంత సామాన్యమైన, ఇంత విసుగు పుట్టించే ఆటను మనిషి ఎందుకు వదలలేడు? ఆనందం కోసమని చెప్పడానికి వీలులేదని పైనే తేలిపోయింది. సమాధానం ఓటమి స్వరూపంలోనే దొరుకుతుంది. ఈ ఆటలో ఓటమి ఎప్పుడూ దూరపు ఓటమి కాదు. పక్షి గొట్టపు అంచుకు వెంట్రుకవాసిలో తగులుతుంది. తొమ్మిది దాటి పదవదాని దగ్గర పడిపోతుంది. ‘ఇంకొక్క క్షణం ముందు తాకి ఉంటే!’ అనే భావం ఓడినవాని మనసులో తళుక్కుమంటుంది. పూర్తిగా ఓడినవాడు లేచి వెళ్ళిపోతాడు. దాదాపు గెలిచినవాడు మాత్రం లేవలేడు.

ఈ ‘దాదాపు’ అనే మాటకు ఉన్న బలాన్ని శాస్త్రజ్ఞులు పరీక్షించి చూశారు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన ల్యూక్ క్లార్క్, ఆయన సహచరులు 2009లో ప్రకటించిన పరిశోధన ఇందుకు ఉదాహరణ. బొమ్మల చక్రాలు తిరిగి ఆగే జూదపు యంత్రం వంటి ఒక ఆటను కొందరిచేత ఆడించారు. చక్రం గెలుపు గీతకు ఒక్క స్థానం ఇవతలో అవతలో ఆగినప్పుడు ఆడేవారు ఏమనుకొంటున్నారో అడిగి తెలుసుకొన్నారు. పూర్తిగా ఓడినప్పటికన్నా, దాదాపు గెలిచి ఓడినప్పుడే తమకు ఎక్కువ కష్టంగా ఉన్నదని వారు చెప్పారు. అయినా మళ్ళీ ఆడాలన్న కోరిక మాత్రం అప్పుడే పెరిగింది. గెలిచినప్పుడు మెదడులో చురుకయ్యే భాగాలలో కొన్ని ఈ దాదాపు గెలుపుకు కూడా చురుకైనాయి. ఇందులో మరొక విశేషం ఉన్నది. బొమ్మను ఆటగాడు తానుగా ఎంచుకొన్నప్పుడు మాత్రమే ఈ కోరిక పెరిగింది. కంప్యూటరు ఎంచినప్పుడు పెరగలేదు. అనగా తప్పు తనదే అనుకొన్నప్పుడు మనిషి దానిని దిద్దుకోవాలని ఆరాటపడతాడు. జూదపు యంత్రంలో ఈ స్వయంకృత భావన ఒక భ్రమ మాత్రమే. ఫ్లాపీ బర్డ్ వంటి ఆటలో అది భ్రమ కూడా కాదు, నిజమే. వేలు తనది, తాకిన క్షణం తనది, తప్పు తనది. కనుక దిద్దుకోగలనన్న నమ్మకం కూడా సహేతుకమైనదే. ఈ ఉచ్చు ఇంత గట్టిది కావడానికి కారణం అదే.

దీనికి తోడు, తిరిగి మొదలుపెట్టడానికి ఆట ఏ మూల్యమూ అడగదు. పక్షి పడిన చోటనే, అదే వేలి కింద, మళ్ళీ ఆడమని చూపే గుర్తు ప్రత్యక్షమవుతుంది. ఇక ఆడనని నిర్ణయించుకోవడానికి కావలసినంత వ్యవధి కూడా అక్కడ దొరకదు. ‘అన్నం చల్లారిపోతోంది, రారా!’ అని తల్లి పిలుస్తుంది. ‘ఇదొక్క ఆటేనమ్మా, అయిపోయింది’ అని కొడుకు బదులు చెబుతాడు. ఆ క్షణాన వాడు అబద్ధమాడటం లేదు. ఆట నిజంగానే పది సెకన్లలో అయిపోతుంది. అయిపోయినది మళ్ళీ మొదలుకావడానికి అర సెకను చాలునన్న సంగతినే వాడు లెక్కలోకి తీసుకోలేదు.

తెలుగువారికి ‘దాదాపు’ రుచి కొత్తది కాదు. వైకుంఠపాళిలో పరమపదం కనుచూపు మేరకు వచ్చిన తరువాత పెద్దపాము నోట పడి అట్టడుగుకు జారిన అనుభవం లేని ఇల్లు ఒకప్పుడు తెలుగుదేశంలో ఉండేది కాదు. అయితే ఆ ఆటకు కొన్ని కట్టుబాట్లు ఉండేవి. గవ్వలు ఒకరి తరువాత ఒకరు వేయాలి. ఎదుటివాని వంతు వచ్చేసరికి జారినవాని ఉడుకు కొంత చల్లారేది. జారినవాణ్ణి చూసి నవ్వడానికి నలుగురు ఉండేవారు. ఎవరో ఒకరు వైకుంఠం చేరేవారు, ఆట ముగిసేది. పైగా పాము నోట పడటం గవ్వల తప్పే గాని మనిషి తప్పు కాదు. అందువల్ల ఎవరూ రాత్రంతా కూర్చుని దానిని దిద్దుకోవాలని ఆరాటపడలేదు. అష్టాచమ్మాకు, పులి-మేకకు, వామనగుంటలకు సైతం ఇటువంటి హద్దులే ఉండేవి. అరుగు మీద చీకటి పడితే ఆట ముగియవలసిందే. సెల్‌ఫోన్ తెర మీద చీకటి పడదు.

జూదపు కథ మరింత పాతది. భారతంలో ధర్మరాజు సర్వస్వాన్ని పోగొట్టుకొన్న సంగతి అందరికీ తెలుసు. దాని తరువాత జరిగినది అంతగా చర్చకు రాదు. ధృతరాష్ట్రుడు పోయినదంతా తిరిగి ఇచ్చివేశాడు. పాండవులు ఇంద్రప్రస్థానికి బయలుదేరారు. దారిలో మళ్ళీ పిలుపు వచ్చింది. ధర్మరాజు వెనుదిరిగి వెళ్ళి మరొకసారి పాచికల ముందు కూర్చున్నాడు. అదే అనుద్యూతం. పన్నెండేండ్ల అరణ్యవాసం, ఒక ఏడు అజ్ఞాతవాసం ఆ రెండవ ఆట ఫలితాలే. పిలిచినప్పుడు వెళ్ళడం క్షత్రియధర్మమని ఆయన సమర్థించుకొన్నాడు. ప్రతి ఆటగాడికీ అటువంటి సమర్థన ఒకటి సిద్ధంగా ఉంటుంది. ఈ సందర్భంలో ‘వ్యసనం’ అనే మాటను కూడా ఒకసారి పరిశీలించవలసి ఉన్నది. నేడు దానికి విడువలేని అలవాటు అనే అర్థమే ప్రచారంలో ఉన్నది. ప్రాచీన కావ్యభాషలో దానికి ఆపద, దుఃఖం అనే అర్థాలు కూడా ఉన్నాయి. వ్యసనపడటమంటే దుఃఖించడం. ఒకే మాటలో రెండు అర్థాలు ఎట్లా ఇమిడాయో తెలుసుకోవాలంటే గొట్టాల నడుమ పక్షిని నడుపుతున్నవాని ముఖం చూస్తే చాలు.

తెరపైని ఆటలు తెలుగు నేలకు వచ్చి చాలా ఏండ్లే అయింది. 1990 దశకంలో బజారులో విరివిగా అమ్ముడైన ‘బ్రిక్ గేమ్’ అనే చేతి యంత్రాన్ని ఆనాటి పిల్లలు, ఇప్పటి తల్లిదండ్రులు, మరచిపోయి ఉండరు. పైనుంచి జారిపడే ఇటుకలను సందులు లేకుండా పేర్చే ఆ ఆటకు మూలం ‘టెట్రిస్’. దానిని 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ అనే శాస్త్రజ్ఞుడు రూపొందించాడు. వరుస నిండితే అది మాయమైపోతుంది, నిండని వరుసలు మాత్రం పోగుపడి ఆటగాణ్ణి వెక్కిరిస్తూ ఉంటాయి. అంటే చేసిన మంచి పని కంటికి కనిపించదు, చేసిన తప్పులే కుప్పగా నిలుస్తాయి. ఆ ఆటలో గెలుపు అనేది అసలు లేనే లేదు. అమెరికాలో 13 ఏండ్ల బాలుడొకడు 2023 డిసెంబరులో టీవీకి తగిలించి ఆడే పాత టెట్రిస్‌ను, యంత్రమే ఇక ముందుకు సాగలేక స్తంభించేవరకు ఆడినప్పుడు లోకమంతా దానిని గెలుపుగా చెప్పుకొన్నది. 1989లో వెలువడిన ఆటకు అటువంటి గెలుపు దక్కడానికి 34 సంవత్సరాలు పట్టింది.

ఆ తరువాత నోకియా ఫోన్లలో పాము వచ్చింది. 1997లో నోకియా 6110లో మొదలైన ఆ ‘స్నేక్’ ఆట, 2000 సంవత్సరంలో వచ్చిన 3310 ఫోన్‌తో ఇంటింటికీ చేరింది. మేత తిన్న కొద్దీ పాము పొడుగవుతుంది. పొడుగైన కొద్దీ తన ఒంటికి తానే తగిలి చచ్చే ప్రమాదం పెరుగుతుంది. అందులో వేరే శత్రువు లేడు. ఎంత బాగా ఆడితే అంత త్వరగా ఆట అసాధ్యమవుతుంది. కాలేజీ బస్సుల్లో, హాస్టల్ గదుల్లో ఒకే ఫోన్‌ను చేతులు మార్చుకొంటూ ఆడిన తరం అది. అయితే ఆ ఫోన్లు కొన్నవాని నుంచి ఆట పేరిట మళ్ళీ డబ్బు అడిగేవి కావు. ఓడినవాణ్ణి మళ్ళీ పిలవడానికి అర్ధరాత్రి గంట మోగించేవి కావు. పామును చంపి ఫోన్‌ను జేబులో పెట్టుకొంటే అంతటితో సరి. ఈ భేదం చిన్నది కాదు.

ఆట ముగిసినా మెదడు దానిని వెంటనే విడిచిపెట్టదనడానికి కూడా నిదర్శనం ఉన్నది. రాబర్ట్ స్టిక్‌గోల్డ్ అనే శాస్త్రజ్ఞుని బృందం 2000 సంవత్సరంలో ప్రకటించిన ప్రయోగంలో, టెట్రిస్ ఆడినవారిలో పలువురికి నిద్రలోకి జారుకొనే వేళ కళ్ళ ముందు ఇటుకలు జారుతూ కనిపించాయి. జ్ఞాపకశక్తి కోల్పోయి, తాము ఆట ఆడిన సంగతే గుర్తులేని రోగులలో కొందరికి సైతం అట్లాగే కనిపించడం ఆశ్చర్యకరం. రాత్రి పదకొండు గంటలకు ఆట కట్టిపెట్టి రసాయనశాస్త్రం పుస్తకం తెరిచిన విద్యార్థికి అక్షరాల నడుమ ఏమి కనిపిస్తుందో దీనిని బట్టి ఊహించవచ్చు. ఆట తినేది ఆడినంత సేపటిని మాత్రమే కాదు, ఆడిన తరువాతి గంటలో కొంత భాగాన్ని కూడా.

ఇంతవరకు చెప్పిన ఆటలు విసిగిస్తాయి, అంతటితో ఊరుకొంటాయి. విసుగును సరుకుగా మార్చిన ఆటలు వీటి తరువాత వచ్చాయి. 2012లో మొదలైన ‘క్యాండీ క్రష్’ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఒకే రంగు మిఠాయిలను మూడేసి చొప్పున చేర్చే ఈ ఆటలో ఆటగానికి ఐదు ప్రాణాలు ఇస్తారు. ఒక అంచెలో ఓడితే ఒక ప్రాణం పోతుంది. పోయిన ప్రాణం తిరిగి రావాలంటే అరగంట వేచి ఉండాలి, లేదా డబ్బు చెల్లించి కొనుక్కోవాలి. అన్నిటికన్నా గమనింపదగిన ఏర్పాటు వేరొకటి ఉన్నది. ఎత్తులన్నీ అయిపోయి, ఇంకొక్క మిఠాయి మిగిలి ఉండగా ఆట ఆగుతుంది. సరిగ్గా ఆ క్షణాన, మరి ఐదు ఎత్తులు కావాలా అని తెర అడుగుతుంది. పైన చెప్పిన ‘దాదాపు’ ఎక్కడ ఉంటుందో అక్కడే దుకాణం తెరిచారన్నమాట. దాహం పుట్టించి నీళ్ళు అమ్మే ఈ వ్యాపారం ఎంతటిదంటే, దీని యజమాని అయిన కింగ్ అనే సంస్థను 2015లో 590 కోట్ల డాలర్లకు కొనడానికి మరో సంస్థ ఒప్పందం చేసుకొన్నది. రాబడిని వదులుకొన్న హనోయి యువకుణ్ణి ఈ అంకె పక్కన నిలబెట్టి చూస్తే ఆయన ఎంత ఒంటరివాడో తెలుస్తుంది.

డబ్బు ఒడ్డి ఆడే ఆటల విషయంలో ప్రభుత్వాలు కదిలాయి. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను చట్టాలు సవరించి ఆన్‌లైన్ రమ్మీ వంటివాటిని నిషేధించాయి. డబ్బుతో కూడిన ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించే బిల్లును పార్లమెంటు 2025 ఆగస్టులో ఆమోదించింది. ఇవి అవసరమైన చర్యలే. అయితే పక్షి ఆట, పాము ఆట, మిఠాయి ఆట వీటి పరిధిలోకి రావు. వాటిలో ఎవరూ పందెం కాయడం లేదు. విద్యార్థి అక్కడ ఒడ్డుతున్నది సాయంత్రాలను. సాయంత్రాలను ఒడ్డకుండా కాపాడే చట్టం ఉండదు, ఉండాలని కోరడం కూడా సబబు కాదు.

ఈ ఆటల పిలుపు ఇంటర్మీడియట్ చదివే వయస్సులోనే అంత బలంగా వినిపించడానికి ఆటలో ఉన్న కారణాలు మాత్రమే చాలవు. ఆట వెలుపల కూడా కారణం ఉన్నది. ఒకప్పుడు ఎంసెట్‌గా పేరుపొంది ఇప్పుడు ఈఏపీసెట్‌గా మారిన ప్రవేశపరీక్ష కోసం విద్యార్థి రెండేండ్లు శ్రమిస్తాడు. ఆ శ్రమ ఫలించిందో లేదో రెండేండ్ల తరువాత గాని తెలియదు. నడుమ వారం వారం పరీక్షలు జరుగుతాయి. వాటి ఫలితం ఒక అంకెగా, ఒక ర్యాంకుగా గోడ మీద వేలాడుతుంది. ఆ అంకెను అందరూ చూస్తారు. తల్లిదండ్రులకు ఫోన్ ద్వారా తెలుపుతారు. ఎక్కడ తప్పు జరిగిందో మాత్రం చాలాసార్లు ఆ అంకె చెప్పదు. దీనితో ఆటను పోల్చి చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. ఆటలో శ్రమకు ఫలితం పది సెకన్లలో వస్తుంది. తప్పు ఎక్కడ జరిగిందో కంటి ఎదుటే కనిపిస్తుంది. ఆ ఓటమికి సాక్షి లేడు. ఓడినందుకు ఎవరూ తలవంచుకోనక్కరలేదు. క్షమాపణ అడగకముందే ఆట క్షమించివేస్తుంది. నేర్చుకోవడానికి అనువైన పరిస్థితులు ఏవో ఒక ఉపాధ్యాయుణ్ణి అడిగితే ఆయన ఇంచుమించు ఈ జాబితానే చెబుతాడు. విచారకరమైన సంగతి ఏమంటే, ఆ పరిస్థితులన్నీ సమకూరిన చోట నేర్చుకోవడానికి ఏమీ లేదు. నలభై గొట్టాలు దాటినవాడు నలభై గొట్టాలు దాటడం తప్ప మరేదీ నేర్చుకోలేదు.

అలసిన మెదడుకు ఇది విశ్రాంతి కదా అని కొందరు వాదిస్తారు. ఆ వాదాన్ని పూర్తిగా తోసిపుచ్చనక్కరలేదు. ఆట వల్ల మేలు జరిగిన సందర్భాలు కూడా ఉన్నాయి. భీతి గొలిపే దృశ్యాలు చూసినవారిచేత అరగంట తరువాత టెట్రిస్ ఆడిస్తే, ఆ దృశ్యాలు తరువాతి రోజులలో తలపుకు వచ్చి బాధించడం తగ్గినట్లు ఆక్స్‌ఫర్డ్‌లో ఎమిలీ హోమ్స్ బృందం 2009లో నిరూపించింది. మెట్రో రైలులో రెండు స్టేషన్ల మేర పక్షిని ఎగరేసినవానికి కలిగే నష్టమేదీ లేదు. దిగవలసిన స్టేషన్‌లో దిగితే చాలు. విశ్రాంతి అవునా కాదా అన్నదానికి ఒక గురుతు ఉన్నది. విశ్రాంతి తరువాత శరీరం సడలుతుంది, చేయవలసిన పని వైపు మనసు మళ్ళుతుంది. ఈ ఆటలు ఎక్కువసేపు ఆడినవాడు లేచేసరికి భుజాలు బిగిసి, కళ్ళు మండి, పిలిచినవారి మీద విసుక్కొంటాడు. ఇరవై నిమిషాలు కబడ్డీ ఆడి చెమటతో వచ్చినవాడు అట్లా విసుక్కోడు.

మరి ఇది జబ్బా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మే నెలలో ఆమోదించి, 2022 జనవరి 1 నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల పట్టికలో ఆటల వల్ల కలిగే రుగ్మతకు చోటు ఇచ్చింది. అయితే ఆ నిర్వచనం చాలా కట్టుదిట్టమైనది. ఆట మీద అదుపు తప్పాలి. జీవితంలోని ఇతర ఆసక్తులకన్నా, నిత్యకృత్యాలకన్నా ఆటకే ప్రాధాన్యం పెరగాలి. కీడు జరుగుతున్నదని తెలిసినా ఆడటం ఆగకపోవాలి. వీటివల్ల చదువు, కుటుంబం, స్నేహాలు గణనీయంగా దెబ్బతినాలి. ఇదంతా సామాన్యంగా 12 నెలలపాటు కొనసాగాలి. ఈ కొలతతో చూస్తే మెట్రోలో ఆడుతున్న నూరుమందిలో అధికసంఖ్యాకులు రోగులు కారు. వారిని రోగులనడం అన్యాయం. నిజంగా ఆ స్థితికి చేరినవారు కొందరు ఉంటారు. వారిని గేలి చేయడం అంతకన్నా పెద్ద అన్యాయం.

‘ఎర్రగడ్డకు పంపాలి’ అనే మాట చేసే హాని ఇక్కడ బయటపడుతుంది. నవ్వుకోసం వాడిన మాట ఒక ఆసుపత్రి ద్వారానికి అడ్డంగా నిలిచింది. గుండెనొప్పి వచ్చినవాడు ఆసుపత్రికి వెళ్ళడానికి సిగ్గుపడడు. నిద్ర కరవై, చదువు చెడి, ఆట ఆపలేక, ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేక నలిగిపోతున్న విద్యార్థి మాత్రం ఆ పేరు వినగానే వెనుకకు తగ్గుతాడు. చిన్ననాటి నుంచి ఆ పేరును అతడు తిట్టుగానే విని ఉన్నాడు. తల్లిదండ్రులు కూడా నలుగురికీ తెలిస్తే ఏమవుతుందోనని జంకుతారు. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2014లోనే సాంకేతిక పరికరాల వ్యసనానికి ప్రత్యేక చికిత్సా విభాగాన్ని ప్రారంభించింది. కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఏ ఫోన్‌లో పక్షి ఎగురుతున్నదో ఆ ఫోన్‌తోనే ఈ నంబరుకు కూడా పిలవవచ్చునన్న సంగతి ఇంట్లో ఎవరైనా మామూలు గొంతుతో చెబితే చాలు.

కళాశాలలు చేయగలిగినది మరొకటి ఉన్నది. ఫోన్లను గుమ్మం దగ్గరే తీసి పెట్టుకోవడం సులభం. అది అవసరం కూడా కావచ్చు. కాని సెలవులకు ఇంటికి వెళ్ళిన మొదటి రాత్రే ఆ కట్టడి ఏమవుతుందో వసతిగృహాల నిర్వాహకులకు తెలియనిది కాదు. విద్యార్థి ఆ తెర ముందు ఎందుకు కూర్చుంటున్నాడో గ్రహించి, అక్కడ దొరికే వెసులుబాటులో కొంతైనా తరగతి గదిలో కల్పించడం ఇంతకన్నా శ్రమతో కూడిన పని. శనివారం రాసిన గణితపరీక్ష జవాబుపత్రం, గోడ మీద ర్యాంకు పడకముందే, సోమవారం ఉదయం విద్యార్థి చేతికి రావాలి. ఎన్ని మార్కులు పోయినాయన్నది ఆ తరువాతి మాట. ఏడవ పంక్తిలో గుర్తు తారుమారైందని ఎర్రసిరాతో ఒక గీత ఉంటే, ఆ లెక్కను అతడు ఆ మధ్యాహ్నమే మళ్ళీ మొదలుపెట్టగలడు.